నవ్వు తర్వాతి మౌనం: ‘ఆలివర్ ట్విస్ట్’ నవలలో డాడ్జర్ విచారణ

నేపథ్యం

చిన్న దొంగతనానికి కూడా నేరస్థుణ్ణి సముద్రాల అవతలకు పంపడం 18, 19 శతాబ్దాల బ్రిటన్‌లో మామూలు శిక్ష. దీన్ని ద్వీపాంతరవాసం అంటారు. అండమాన్ జైలు చరిత్ర వల్ల ఈ మాట మనకు పరిచితమే. 1788 నుంచి 1868 వరకు సుమారు 1,62,000 మంది ఖైదీలను ఆస్ట్రేలియాకు తరలించారు. వారిలో బాలలూ ఉన్నారు. 1787లో బయలుదేరిన మొదటి నౌకల్లో వెళ్లిన ఎలిజబెత్ హేవర్డ్‌కు శిక్ష పడేనాటికి పదమూడేళ్లు. ఆమె దొంగిలించినవి ఒక గౌను, ఒక పట్టు టోపీ. 1834లో నేటి టాస్మేనియాలోని పోర్ట్ ఆర్థర్ వద్ద బాలుర కోసమే పాయింట్ ప్యూర్ అనే జైలు తెరిచారు. చార్లెస్ డికెన్స్ ‘ఆలివర్ ట్విస్ట్’ ధారావాహికగా వెలువడిన 1837-39 కాలంలో అది నడుస్తూనే ఉంది.

ఇద్దరు బాలురు, రెండు విచారణలు

నవలలో ఆలివర్, డాడ్జర్ ఇద్దరూ దొంగతనం నేరంపైనే మేజిస్ట్రేటు ముందు నిలబడతారు. చేతిరుమాలు దొంగిలించాడన్న తప్పుడు ఆరోపణపై ఆలివర్‌కు మూడు నెలల కఠిన శిక్ష పడుతుంది. పుస్తకాల దుకాణదారు వచ్చి నిజం చెప్పడంతో అతడు బయటపడతాడు. ఈ ఘట్టంలో రచయిత కోపం స్పష్టం.

డాడ్జర్ నిజంగానే జేబుదొంగ. అతని దగ్గర వెండి ముక్కుపొడుం డబ్బీ దొరుకుతుంది. అతడు న్యాయస్థానాన్నే దబాయిస్తాడు, అందరినీ నవ్విస్తాడు. అతణ్ణి పై విచారణకు పంపుతారు. ద్వీపాంతరం తప్పదని ముఠా ముందే అనుకుంటుంది. స్నేహితుడు చార్లీ బాధ మరీ విచిత్రమైనది: ఇంత గొప్ప దొంగ ఒక చవక డబ్బీ కోసం పోవడం పరువు తక్కువని అతని దుఃఖం.

విమర్శ

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన విషయం ఒకటుంది. పై విచారణను గానీ, ఓడను గానీ, ఆవలి తీరాన్ని గానీ నవల చూపదు. ముఠాలో మిగిలిన ముఖ్యులు దూరదేశంలో మరణించారని చివరి అధ్యాయంలో ఒక్క వాక్యం ఉంటుంది. అందులో డాడ్జర్ పేరు లేదు.

ఆ హాస్యం వృథా కాదు. బోనులోని పిల్లవాడి తెలివితేటలు న్యాయస్థానం డాంబికాన్ని బట్టబయలు చేస్తాయి. అయితే నవ్వు ముగిసేసరికి పాఠకుడు శిక్షను మరచిపోతాడు. రచయిత సానుభూతి నిర్దోషి దగ్గరే ఆగిపోయింది. పైగా ఆలివర్ మంచి కుటుంబపు బిడ్డ అని తర్వాత తేలుతుంది. ఆకలితో దొంగగా మారిన పిల్లవాడికి అలాంటి అండ ఏదీ లేదు. పేదరికమే నేరానికి మూలమని చెప్పే నవలకు ఇది పెద్ద లోపం.

డికెన్స్ 1860-61లో ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ రాశాడు. అందులోని మాగ్విచ్ బాల్యంలో ఆకలికి టర్నిప్ దుంపలు దొంగిలించినవాడు. పెద్దయ్యాక ద్వీపాంతరం పోయి, తిరిగి వచ్చి తన కథ తానే చెబుతాడు. మొదటి నవల వదిలేసిన ప్రశ్నకు ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన జవాబు ఇది.

ఆలోచించండి

డాడ్జర్ నిర్దోషి అయి ఉంటే ఆ ఘట్టంలో హాస్యం నిలిచేదా? మీ అభిప్రాయాన్ని పది వాక్యాల్లో రాయండి.