పేరు లేని గొంతులు

మా పెద్దమ్మ కూతురు అమెరికా నుంచి సెలవులకొచ్చి ఇచ్చివెళ్ళిన సీడీల్లో ‘జాక్ జామ్స్’ మొదటి భాగం ఒకటి. టామీ బాయ్ సంస్థ, క్రీడల చానల్ ఈఎస్‌పీఎన్ కలిసి 1995లో తెచ్చిన డాన్సు పాటల సంకలనం అది. స్టేడియాల్లో జనాన్ని ఉర్రూతలూగించే పాటలన్నీ ఏరి కూర్చారు. హాస్టల్లో దానికి ఎంత గెంతామో లెక్కలేదు. సాహిత్య పరిశోధనలో సంకలనాల ముందుమాటలతోనే ఏళ్ళు గడిపాక, ఈమధ్య మళ్ళీ ఆ సీడీ తీశాను.

మొదట మంచి చెప్పుకోవాలి. డాన్సు సంగీతంలో అసలు ప్రమాణం విడిపాటే. పత్రికలో వచ్చిన కథలాగా కొన్నాళ్ళు క్లబ్బుల్లో మోగి మాయమైపోతుంది. దాన్ని నిలబెట్టేది సంకలనమే. 1988లో బ్రిటన్‌లో వచ్చిన ఒక సంకలనం ‘టెక్నో! ద న్యూ డాన్స్ సౌండ్ ఆఫ్ డెట్రాయిట్’ అన్న శీర్షికతోనే, డెట్రాయిట్ నల్లజాతి యువకుల సంగీతానికి లోకంలో ఒక పేరు నిలిపింది. 1993లో ‘నీలిమేఘాలు’ మన స్త్రీవాద కవిత్వానికి ఒక చిరునామా ఇవ్వలేదూ? విడివిడిగా ఉన్నప్పుడు కనిపించనిది పక్కపక్కన పెడితే కనిపిస్తుంది.

‘జాక్ జామ్స్’లో నాకు కనిపించింది వేరే. బ్లాక్ బాక్స్ ‘స్ట్రైక్ ఇట్ అప్’లో గొంతు మార్తా వాష్‌ది. తెరమీద పెదవులు కదిపింది కాత్రిన్ కినోల్ అనే మోడల్. సి అండ్ సి మ్యూజిక్ ఫాక్టరీ ‘గొన్నా మేక్ యూ స్వెట్’లో హోరెత్తే గొంతూ మార్తాదే. వీడియోలో కనిపించేది జెల్మా డేవిస్. టెక్నోట్రానిక్ ‘పంప్ అప్ ద జామ్’ పాడింది యా కిడ్ కె. వీడియోలో ఫెల్లీ అనే మోడల్. ఒకే సీడీలో మూడుసార్లు! నా సీడీ అట్టవెనుక మాత్రం బృందాల పేర్లే ఉన్నాయి. రెండో పాట విడిగా వచ్చినప్పుడు రాప్ చేసిన మగవాడు ఫ్రీడమ్ విలియమ్స్ పేరు బృందం పక్కనే వేశారు. మార్తా పేరు వేయలేదు. ఆమె లావుగా ఉంటుంది, అదే ఆమె నేరం.

పెదవులు కదిపిన అమ్మాయిలమీద నాకు కోపం లేదు. జెల్మా స్వయంగా గాయని. ప్లేబాక్ మనకు కొత్తా? ఎల్.ఆర్. ఈశ్వరి పాటకు జ్యోతిలక్ష్మి ఆడితే ఎవరూ మోసపోలేదు, ఇద్దరి పేర్లూ తెలుసు కనుక. ఆ పేరు కూడా ఊరికే రాలేదు. 1949లో ‘మహల్’ రికార్డుమీద గాయనిగా వేసింది లతా మంగేష్కర్ పేరు కాదు, కామిని అనే పాత్ర పేరు. తప్పు అరువు గొంతులో లేదు, అరువన్న మాట దాచడంలో ఉంది.

ఈ దాపరికం సంకలనకర్తలు మొదలుపెట్టింది కాదు. అయితే అప్పటికే మార్తా కోర్టుకెక్కి, రాజీల ద్వారా తన హక్కు రాబట్టుకుంది. తెలిసిన తప్పును అట్టవెనుక దిద్దడానికి ఒక్క పంక్తి చాలేది. సంకలనం రెండో అవకాశం. ఇక్కడ అది వృథా అయింది. చాలా పాటల్ని కురచగా కత్తిరించి కేరింతల మధ్య ఇరికించడం వల్ల ఏ పాట ఎక్కడ పుట్టిందో కూడా మరుగున పడింది. స్వలింగ ప్రియుల డిస్కోల నుంచి వచ్చిన విలేజ్ పీపుల్ ‘వై.ఎం.సి.ఎ.’ ఇక్కడ ఉత్త ఆటలపాట.

ఇంత రాశాక నా సిద్ధాంత గ్రంథం తెరిచాను. అనుబంధంలో ఇరవైమూడు నాట్ల పాటలున్నాయి. ప్రతి పాట కింద ఊరి పేరు, తేదీ, ‘సేకరణ’ అని నా పేరు. పాడినామె పేరు ఒక్కచోటా లేదు. పాత నోటుపుస్తకాలు వెతికితే తొమ్మిది పేర్లు దొరికాయి. మిగతావాళ్ళని నేను అసలు అడగనేలేదు.