లొట్టిలో పుట్టే నురగ

కల్లులో నురగ బయటినుంచి కలిపేది కాదు, అది చెట్టు మీదే మొదలవుతుంది. కరీంనగర్ పల్లెల్లో గౌడన్న మోకు, ముస్తాదుతో తాడెక్కి, గెల కొసను పలుచగా కోసి కింద లొట్టి అనే కుండ కడతాడు. కోతలోంచి చుక్కచుక్కగా దిగే రసంలో సుమారు 10 నుంచి 15 శాతం చక్కెర ఉంటుంది. ఈతచెట్టుకైతే గెల జోలికి పోరు, మొవ్వు దగ్గర మానునే చెక్కుతారు. ఈతకల్లు చలికాలపు సరుకు, ఎండాకాలం తాటిదే రాజ్యం.

పులియబెట్టే ఈస్టు గాలిలో ఉంటుంది, కోతలో ఉంటుంది, అన్నిటికన్నా ఎక్కువగా లొట్టి లోపలి గోడకే అంటుకుని ఉంటుంది. పాత లొట్టిలో కల్లు తొందరగా పొంగడానికి కారణం అదే. లోపల సున్నం పూస్తే పులియడం ఆగి తియ్యటి నీరా మిగులుతుంది. పూయకపోతే చక్కెర విరిగి, బరువులో కొంచెం అటూఇటుగా సగం సారాయంశమూ సగం బొగ్గుపులుసు వాయువూ అవుతుంది. మోదుగాకు డొప్పలో పోసినప్పుడు చిటపటలాడేది ఆ వాయువే. వెంటే లాక్టిక్, ఎసిటిక్ ఆమ్లాల బాక్టీరియా కూడా పని మొదలుపెడుతుంది. అందుకే పొద్దుగాల తియ్యగా ఉన్నది మాపటికి పుల్లబడుతుంది, మర్నాటికి సిర్కా దారి పడుతుంది.

ఫ్రాన్సులో షాంపేన్ చేసేవారు ఇదే వాయువును సీసాలో బంధిస్తారు. పులిసిన ద్రాక్షసారాలో లీటరుకు 24 గ్రాముల చక్కెర, కొంత ఈస్టు వేసి బిగిస్తే, లోపలి ఒత్తిడి కారు టైరు గాలికి రెండింతలు దాటుతుంది. దాని సీసా అంత మందంగా ఉండేది అందుకే. పొద్దున దించిన కల్లులో మిగిలిన చక్కెర అంతకు ఎన్నో రెట్లు. మామూలు సీసాలో పోసి మూత బిగించడమంటే పేలుడుకు సిద్ధపడటమే.

ఆదిలాబాద్ అడవుల్లో ఇప్పపువ్వు నానబెట్టినా ఇలాగే బుడగలు లేస్తాయి. కానీ దాన్ని బట్టీకెక్కిస్తారు. మంట మీద వాయువంతా పోతుంది, ఇప్పసారాలో నురగ మిగలదు.

ఇంట్లో వైన్ పెట్టాలన్నా, చెట్టు గీయాలన్నా తెలంగాణలో 1968 నాటి ఆబ్కారీ చట్టం కింద అనుమతి ఉండాలి. డిపోలో దొరికే కల్లు మీద మాత్రం అనుమానం తప్పదు. క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలిపి పట్టుబడిన కేసులు ఇక్కడ ఎన్నో. కల్లు తాగేవారు చెట్టు కిందికి వెళ్లి, లొట్టి దించుతుండగా చూసి తీసుకోవడమే మేలు.