చలనచిత్రముల నిడివి: దృశ్య సూచ్య వివేకము

ఇటీవలి తెలుగు చలనచిత్రముల నిడివి మితిమీరుచున్నదని ప్రేక్షకులు పలుచోట్ల అనుకొనుచున్నారు. 2017లో వచ్చిన ‘అర్జున్ రెడ్డి’ మూడు గంటలు దాటినది. 2022 నాటి ‘ఆర్ ఆర్ ఆర్’ కూడ అట్టిదే. 2024లో ‘కల్కి 2898 ఏ.డి.’ మూడు గంటలకు చేరగా, ఆ యేడు డిసెంబరులో విడుదలయిన ‘పుష్ప 2’ 200 నిముషములు నడచినది. ఈ వరుసను చూచి, పూర్వపు చిత్రములు పొట్టిగా పొందికగా ఉండెడివనియు, ఈ వ్యాధి ఇప్పుడే పుట్టినదనియు తీర్పు చెప్పుట సులభము. ఆ తీర్పులో సగము మాత్రమే సత్యము. నిడివి పాతదే. నిడివిని నింపెడి పద్ధతి మారినది. ఆ మార్పు స్వరూపమేమి, దానివలన కలుగు నష్టమేమి, విశేషించి తెలుగునాటికి వెలుపల తరతరములుగా స్థిరపడిన కుటుంబములకు అందులో పోవునదేమి అను విషయములు ఇచట విచారింపబడుచున్నవి.

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6వ తేదీన బొంబాయిలో విడుదలయినది. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వమున ఆ నగరముననే నిర్మితమైన ఆ చిత్రము నిడివి 9,762 అడుగులు. 35 మిల్లీమీటర్ల ఫిలిము ప్రదర్శన యంత్రములో నిముషమునకు 90 అడుగుల చొప్పున నడచును గనుక అది 108 నిముషముల చిత్రము. అదే ప్రహ్లాద కథను తంజావూరు మండలములోని మెలట్టూరులో భాగవత మేళమువారు నృసింహ జయంతి ఉత్సవ సందర్భమున తెలుగులోనే ప్రదర్శింతురు. మెలట్టూరు వెంకటరామశాస్త్రి రచించిన ఆ నాటకము రాత్రి ప్రారంభమై తెల్లవారువరకు సాగును. తమిళదేశము నడుమ నేటికిని నిలిచియున్న ఈ సంప్రదాయమును తలచుకొన్నచో, దీర్ఘ ప్రదర్శనము తెలుగువారికి పరాయిది కాదని తెలియును. వీథినాటకములును తోలుబొమ్మలాటలును రాత్రులకు రాత్రులు నడచినవి. కావున తొలి టాకీ రెండు గంటలలోపున ముగియుట తెలుగు ప్రేక్షకుని ఓర్పునకు కొలత కాజాలదు.

తరువాతి చరిత్రయు దీనినే బలపరచుచున్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ముడిఫిలిము కొరత ఏర్పడగా, 1942లో ప్రభుత్వము కథాచిత్రముల నిడివిని 11,000 అడుగులకు, అనగా సుమారు 122 నిముషములకు, పరిమితము చేసినది. యుద్ధానంతరము ఆ కట్టడి తొలగినది. చిత్రములు మరల పెరిగినవి. 1951 నాటి ‘పాతాళభైరవి’ సుమారు 195 నిముషములు, 1957 నాటి ‘మాయాబజారు’ 184 నిముషములు, 1963 నాటి ‘లవకుశ’ 208 నిముషములు. 1977లో వచ్చిన ‘దానవీరశూరకర్ణ’ మూడు గంటల నలుబది నిముషములకు పైబడినది. అటుపిమ్మట కొలత తగ్గినది. 1980లో విడుదలయిన ‘శంకరాభరణము’ రెండున్నర గంటలకు లోబడినది. 2016 నాటి ‘పెళ్ళిచూపులు’ రెండు గంటలను కొద్దిగా మాత్రమే మించినది. కనుక నేడు కనబడునది క్రొత్త పెరుగుదల అనుటకంటె పాత కొలతకు పునరాగమనమనుట యుక్తము. అయినను ‘మాయాబజారు’ చూచి లేచిన ప్రేక్షకుడు నిడివిని గూర్చి ఫిర్యాదు చేయడు. నేటి చిత్రము చూచి లేచినవాడు చేయుచున్నాడు. నిముషములు సమానమైనప్పుడు ఈ భేదమెక్కడనుండి వచ్చినది?

ఈ ప్రశ్నకు సమాధానము నాట్యశాస్త్ర సంప్రదాయములోనే లభించును. రూపక భేదములను చెప్పిన పెద్దలు నిడివిని వస్తువునకు ముడిపెట్టిరి. నాటకమునకు ఐదు మొదలు పది అంకములు విధించి, భాణమునకు వ్యాయోగమునకు ఒక్క అంకమే చాలుననిరి. అంతకంటె ముఖ్యమైన విషయము మరియొకటి కలదు. ఇతివృత్తమునంతయు రంగముమీద చూపరాదని చెప్పి, దానిని వారు దృశ్యమనియు సూచ్యమనియు విభజించిరి. రసవంతమైన భాగమును కన్నులకు కట్టింపవలెను. రసహీనమైనదానిని, చూప తగనిదానిని, కథకు అవసరమైనంతవరకు మాటలచేత తెలుపవలెను. విష్కంభము, ప్రవేశకము మొదలగు ఐదు అర్థోపక్షేపకములు ఇందుకే ఏర్పడినవి. ఇద్దరు పరిచారకులు నాలుగు మాటలు చెప్పుకొని వెళ్ళుదురు, ఏండ్లు గడచిపోవును. ఈ వివేకమున్నచో దీర్ఘకృతి దీర్ఘముగా తోపదు. ఇది లోపించినచో హ్రస్వకృతియు విసుగు పుట్టించును.

‘మాయాబజారు’ ఇందుకు చక్కని ఉదాహరణము. అది పాండవుల కష్టముతో ముడిపడిన కథ. వారు రాజ్యము కోల్పోయినందుననే రేవతీ బలరాముల మనస్సు మారినది, శశిరేఖాభిమన్యుల వివాహమునకు విఘ్నము కలిగినది. అయినను మూడు గంటల చిత్రములో పాండవులు ఒక్కసారియైనను తెరమీద కానరారు. వారి స్థితి ఇతరుల మాటలలో, ముఖములలో తెలియును. ఎన్.టి. రామారావు, ఎస్.వి. రంగారావు, సావిత్రి, రేలంగి వంటి నటులు ఉన్న చిత్రములో ఐదుగురు పాండవులకు వేషములు వేయించి సభాదృశ్యములు నిలుపుట నిర్మాతలకు కష్టము కాదు. దానిని విడిచిపెట్టుటచేతనే ఘటోత్కచుని మాయలకు, లక్ష్మణకుమారుని వెర్రికి, శశిరేఖ రూపమున ఘటోత్కచుడు సావిత్రి దేహములో ప్రదర్శించు పౌరుషమునకు చోటు దొరకినది. దర్శకుడు కె.వి. రెడ్డి చిత్రీకరణమునకు ముందే ప్రతి దృశ్యమునకు పట్టు కాలమును లెక్కించుకొనెడివారని ఆయనతో పనిచేసినవారు చెప్పియున్నారు. ఆ లెక్క చిత్రములో కనబడుచున్నది. ఏ పాత్రయు తన పని తీరిన తరువాత నిలువదు.

‘లవకుశ’ ఇంకను దీర్ఘము. అచట సూచ్యము మరియొక రూపము ధరించినది. ఉత్తరకథకు పూర్వము జరిగిన రామాయణమంతయు బాలురిద్దరి గానములో వచ్చును. కథ చెప్పుటయే కథలో ఒక సంఘటన అగుటచేత, జరిగిపోయినదానిని వినుచున్న ప్రేక్షకుడు జరుగబోవుదానికొరకు ఎదురుచూచును. తన కథను తన బిడ్డలే పాడుచుండగా వినెడి రాముని స్థితి ఆ గానమునకు బరువు కలిగించును. ఆ పాటలను తీసివేసినచో నిడివి తగ్గును గాని కథ కూలును.

ఇక ‘పుష్ప 2’ను చూడవలెను. ముఖ్యమంత్రితో ఒక ఛాయాచిత్రము తీయించుకొని రమ్మని భార్య కోరుట, ఆ ముఖ్యమంత్రి అందుకు నిరాకరించుట, ఆ అవమానముచేత నాయకుడు ముఖ్యమంత్రినే మార్ప సంకల్పించుట దీని బీజము. బీజము చిన్నది, ఫలము పెద్దది. ఇట్టి బీజము ఏ నాటకకర్తయైనను మెచ్చదగినది. గంగజాతర ఘట్టము కూడ మెచ్చదగినదే. తిరుపతి ప్రాంతమున పురుషులు స్త్రీవేషము ధరించి మ్రొక్కు చెల్లించు ఆచారమును ఆధారము చేసికొని, నాయకుని అహంకారమును భక్తిని ఒక్కచోట నిలిపిన ఆ భాగము తీసికొన్న కాలమునకు న్యాయము చేసినది. అల్లు అర్జున్ నటన అచట ఉన్నతస్థాయిలో ఉన్నది. చిక్కు తక్కిన భాగములలో కలదు. నాయకుడు నడచివచ్చుట, ఆగుట, తల త్రిప్పుట, ఎదుటివారు విస్తుపోవుట అను క్రియలు మందగతిలో మరల మరల వచ్చును. నేటి సినిమా పరిభాషలో దీనికి ‘ఎలివేషన్’ అని పేరు. నాయకుడు బలవంతుడని మొదటిసారి తెలిసినప్పుడు అది దృశ్యము. ఏడవసారి అది సూచ్యముగానైనను అక్కరలేనిది. ముఖ్యమంత్రి మారు వృత్తాంతము ఒకటి నడచుచుండగా, అన్న కూతురి అపహరణముతో రెండవ కథ బలపడును. 200 నిముషముల పిమ్మటను ఫలప్రాప్తి పూర్తికాక మూడవ భాగము ప్రకటింపబడును.

ఈ చిత్రమునకే 2025 జనవరి 17వ తేదీన మరి 20 నిముషములు చేర్చి తిరిగి ప్రదర్శించిరి. దీనికి విపర్యాసము 2024 జూలైలో జరిగినది. శంకర్ దర్శకత్వమున వచ్చిన తమిళచిత్రము తెలుగులో ‘భారతీయుడు 2’గా మూడు గంటల నిడివితో విడుదలయి, వారము తిరుగకముందే 12 నిముషములు కోల్పోయినది. ఒకదానికి చేర్పు, మరొకదానికి కోత. రెండును ఒకే లోపమును చాటుచున్నవి. పద్యపాదమున ఒక గణమును చేర్చినను తీసినను ఛందస్సు చెడును. ఎంత చేర్చినను ఎంత తీసినను చెడని రచనకు ఛందస్సే లేదని అర్థము.

ఇట్టి స్థితికి హేతువులు పెక్కు కలవు. ఫిలిముమీద చిత్రించిన దినములలో ప్రతి అడుగునకు వెల ఉండెడిది. ‘మాయాబజారు’ వంటి చిత్రమునకు సుమారు 16,500 అడుగుల ప్రతి ఒక్కొక్క ప్రదర్శనశాలకు ప్రత్యేకముగా ముద్రింపవలసి వచ్చెడిది. డిజిటల్ విధానము వచ్చిన పిమ్మట ఆ వ్యయము పోయినది. దానితో చేతికి ఉన్న కళ్ళెమును పోయినది. రెండవది విపణి విస్తారము. ఒకే చిత్రమును ఐదారు భాషలలో అమ్మదలచినప్పుడు, అనువాదమునకు లొంగని సంభాషణ భారముగా తోచును. పోరాటమునకు, ఊరేగింపునకు, మందగతి నడకకు అనువాదము అక్కరలేదు. కావున మాట తగ్గును, చూపు పెరుగును. మూడవది భాగములుగా విడుదల చేయు పద్ధతి. కథను ముగింపవలసిన బాధ్యత వాయిదా పడినప్పుడు కుదించవలసిన అవసరమును వాయిదా పడును.

ప్రదర్శకుని లెక్కయు గమనింపదగినది. 200 నిముషముల చిత్రమునకు విరామమును, శాల శుభ్రపరచు వ్యవధిని కలిపిన ఒక్క ఆటకు సుమారు నాలుగు గంటలు పట్టును. ఉదయము తొమ్మిదింటికి మొదలిడినను నాలుగు ఆటలు ముగియుసరికి రాత్రి ఒంటిగంట యగును. 140 నిముషముల చిత్రమునైనచో అంతే కాలములో ఐదు ఆటలు ఆడవచ్చును. ఆ తగ్గిన ఆట వెలను ఎక్కడనో పూరింపవలెను. పెద్ద చిత్రములకు టిక్కెట్టు ధర పెంచుకొనుటకు తెలుగు రాష్ట్ర ప్రభుత్వములు అనుమతులిచ్చిన సందర్భములు కలవు. ‘పుష్ప 2’ అందులో ఒకటి. అనవసరమైన ప్రతి నిముషమునకు తుదకు ప్రేక్షకుడే సొమ్ము చెల్లించుచున్నాడు.

నేటి దీర్ఘచిత్రములన్నియు ఇట్టివే అనుట అన్యాయమగును. 2018లో నాగ్ అశ్విన్ దర్శకత్వమున వచ్చిన ‘మహానటి’ మూడు గంటలకు కొద్దిగా తక్కువ. సావిత్రి జీవితమున బాల్యము, కీర్తి, దాంపత్యము, పతనము అను నాలుగు దశలు కలవు. ఏ ఒక్కటి విడిచినను తక్కినవి అర్థహీనములగును. పాత్రికేయురాలి కథను చుట్టుగోడగా నిర్మించుటలో కొంత కాలము అధికముగా వ్యయమైనను, ఆమె ప్రశ్నలే పెక్కు సంవత్సరములను సూచ్యము చేయుటకు సాధనములైనవి. వస్తువు కోరిన నిడివి దోషము కాదనుటకు ఈ చిత్రము నేటి కాలమునుండియే సాక్ష్యము చెప్పుచున్నది.

తెలుగునాట నివసించువారికి ఇది అభిరుచికి సంబంధించిన చర్చ మాత్రమే కావచ్చును. సోలాపురములోని పద్మశాలి కుటుంబములకు, బరంపురము రాయగడలవారికి, హోసూరు కృష్ణగిరులవారికి, బళ్ళారి కోలారులవారికి అట్లు కాదు. వీరి పిల్లలకు బడిలో తెలుగు సన్నగిల్లుచున్నది. తమిళనాట 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పిదప తెలుగును ప్రథమభాషగా చదువుట దుష్కరమైనది. ఇంటి తెలుగు వంటయింటి అవసరములకు కుదించుకొనిపోవుచున్నది. ఇట్టి పిల్లవాడు ఇంటికి వెలుపల ఎడతెగక తెలుగు వినగల చోటు సినిమాశాల. వాడు మూడు గంటలు కూర్చుండుటకు సిద్ధముగా ఉన్నాడు. అది చిన్న భాగ్యము కాదు. ఆ మూడు గంటలలో వాని చెవికి ఏమి అందుచున్నది? పింగళి నాగేంద్రరావు ‘మాయాబజారు’లో రాక్షసుల నోట అసమదీయులు, తసమదీయులు, వీరతాళ్ళు, గింబళి వంటి మాటలను పుట్టించిరి. సంస్కృత పదమును తెలుగు నాలుక ఎట్లు విరుచునో, జంటపదమును ఎట్లు అల్లునో నవ్వించుచునే నేర్పిన సంభాషణ అది. వ్యాకరణ పాఠమునకు లొంగని బాలుడును ఆ మాటలను ఒక్కసారి విని పట్టుకొనును. ‘పుష్ప 2’లోని చిత్తూరు యాసకును ఇట్టి శక్తియే కలదు, సరిహద్దు జిల్లాల తెలుగువారికి అది తమ ఇంటి పలుకుబడి. కాని నడకలకును నినాదములకును కాలము వ్యయమైనకొలది ఆ యాసకు మిగులు చోటు తగ్గినది. పొరుగు భాషలలో అమ్ముడుపోవుటకై మాటను తగ్గించిన చిత్రము, పొరుగు రాష్ట్రముల తెలుగు పిల్లవానికి కూడ మాటనే తగ్గించుచున్నది. నిడివి పెరిగినను వానికి దక్కు తెలుగు పెరుగలేదు.

కాబట్టి విమర్శకులు గడియారమును చూచి తీర్పు చెప్పుట మాని, ప్రతి దృశ్యమును రెండు ప్రశ్నలు అడుగుట మేలు: ఇది చూపదగినదా, చెప్పి విడువదగినదా? చూపిన పిమ్మట కథకో, పాత్రకో, భాషకో ఏమి మిగిలినది? ప్రవాస తెలుగు సంఘములు ఉగాది మొదలగు పండుగలలో చిత్రములు ప్రదర్శించునప్పుడు ‘మాయాబజారు’, ‘లవకుశ’ వంటివానిని రెండు పూటలుగా విభజించి, నడుమ పిల్లలచేత తాము విన్న క్రొత్త మాటలను చెప్పించుట తేలికైన పని. అట్లు మాట రుచి మరిగిన పిల్లవాడు రేపు నేటి చిత్రములను చూచునప్పుడును ఆ రుచినే కోరును. మాటలేని నిముషములకు వెల చెల్లించుటకు వాడు వెనుదీయును.