చౌడు: ఉపమానం, పరిభాష, ప్రయోగం

వ్యాససంగ్రహం
సాహిత్యంలో చవిటినేల నిష్ఫలత్వానికి ఉపమానం. నేలశాస్త్రంలో అది కారణం తెలిసిన, బాగుచేయదగిన స్థితి. ఈ రెండింటి మధ్య దూరాన్నీ, 'చౌడు' అనే మాట వాడుకలోని అస్పష్టతనూ ఆర్మూరు పసుపు సీమ నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: చౌడు, ఊషరం, క్షారనేల, పరిభాష, పారాణి.

1. ఉపోద్ఘాతం
చవిటినేలలో విత్తనం వేయడం వ్యర్థమనే భావన చాలా ప్రాచీనమైనది. మనుస్మృతి తృతీయాధ్యాయం వేదం తెలియనివానికి ఇచ్చిన హవిస్సును 'ఇరిణం'లో చల్లిన విత్తనంతో పోలుస్తుంది. ఇరిణం, ఊషరం రెండూ చవిటినేలకు పేర్లే. ఊషరం నుంచి వచ్చిన 'ఊసర్' అనే మాటతోనే ఉత్తరప్రదేశ్ రైతులు తమ క్షారనేలలను నేటికీ వ్యవహరిస్తారు. ఒకే మాట పండితునికి ఉపమానం, రైతుకు పొలం పేరు.

ఉపమానం శాస్త్రవాక్యం కాదు కనుక కవిని తప్పుపట్టరాదని ఒక వాదం. అది సమంజసమే. అయితే ఉపమానం దేన్ని ముందే ఒప్పుకుంటుందో అడగడం విమర్శకుని బాధ్యత. నేల దోషం మారనిదని ఈ ఉపమానం ఒప్పుకుంటుంది. ఆ తీర్పునే మనిషికి వర్తింపజేస్తుంది. చదువుకు దూరంగా ఉంచినవానిని చదువుకు పనికిరానివాడనడంలో ఉన్న అన్యాయం ఇక్కడ నేల మాటున దాగింది.

2. నేల స్వభావం
క్షారనేలలో ఉదజని సూచిక 8.5 దాటుతుంది. బంకమట్టి రేణువులు పట్టి ఉంచే ధనావేశ అయాన్లలో సోడియం వాటా 15 శాతాన్ని మించుతుంది. అప్పుడు రేణువులు విడిపోయి మట్టి రంధ్రాలను మూసివేస్తాయి. తడిస్తే నీరు ఇంకదు, ఆరితే పైన గట్టి పొర కడుతుంది.

గోధుమలో ఈ బాధ స్పష్టంగా కనిపిస్తుంది. విత్తిన సుమారు 21 రోజులకు, కిరీటవేళ్లు పుట్టే దశలో మొదటి తడి ఇస్తారు. క్షారనేలలో ఆ నీరు నిలిచి, వేళ్లకు గాలి అందక పైరు పసుపుబారుతుంది. జింకు మట్టిలో ఉన్నా కరగని రూపంలో ఉండిపోతుంది. పైన చల్లిన యూరియాలోని నత్రజని కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. పోషకం లేకపోవడం, ఉన్నా అందకపోవడం వేర్వేరు సంగతులు. ఎరువు పెంచినంత మాత్రాన రెండోది తీరదు. జిప్సంలోని కాల్షియం సోడియం స్థానాన్ని ఆక్రమించాలి. విడుదలైన సోడియం మురుగునీటితో బయటకు పోవాలి. ఈ నేలలపై పరిశోధనకే 1969లో కర్నాల్‌లో కేంద్రీయ సంస్థ ఏర్పడింది. రాజస్థాన్‌కు చెందిన ఖార్చియా గోధుమ అక్కడి చవుడు తట్టుకునే వంగడాలకు ఆధారమైంది.

3. పరిభాష
తెలుగు రైతు పాలచౌడు, కారుచౌడు అని రెండు పేర్లు పెట్టాడు. పాలచౌడులో ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. మురుగు పోయే దారి ఉంటే మంచినీటితో దానిని కడిగివేయవచ్చు. కారుచౌడులో సోడియం కార్బొనేటు వల్ల సేంద్రియ పదార్థం కరిగి నేల నల్లబడుతుంది. జిప్సం వేయకుండా దానిని మంచినీటితో కడిగితే రేణువులు మరింత విడిపోతాయి. రెండింటినీ 'చౌడు' అనే ఒక్క మాటలో కలిపితే ఒక నేల వైద్యం మరొక నేలకు అందుతుంది, నష్టం రైతుది. రైతు చేసిన విభజనను పండిత పరిభాష నిలుపుకోకపోవడం భాషాదోషంతో ఆగదు.

4. రేవు, పారాణి
రజకులకు చవుడుమట్టి వ్యర్థం కాదు. బట్టలను ఉబ్బకు పెట్టేముందు మురికి వదిలించిన క్షారం అదే. పండితుడు నిష్ఫలమన్న మట్టిలో ఒక వృత్తి తన ఉపకరణాన్ని గుర్తించింది.

ఆర్మూరు ప్రాంతపు ప్రధాన పంటల్లో ఒకటైన పసుపు ఇక్కడ రెండు విధాల సాక్ష్యమిస్తుంది. నీరు నిలిచే క్షారనేలలో దుంప సరిగా ఊరదు. అదే దుంప పొడి మాత్రం క్షారాన్ని పట్టి చూపుతుంది. సున్నం తగిలి పసుపు పారాణిగా ఎర్రబారడం పెళ్లిళ్లలో అందరూ చూసిన రసాయన చర్యే. బలమైన కారుచౌడు నుంచి తీసిన నీటిలోనూ పసుపు ఎర్రబారుతుంది. ఆ రంగు క్షారగుణాన్ని మాత్రమే తెలుపుతుంది. క్షారం సున్నానిదా, సోడియానిదా అన్నది మట్టి పరీక్షలోనే తేలుతుంది.

5. ముగింపు
చవిటినేలను ఉపమానం తీర్పుగా చూసింది, రేవు పనిముట్టుగా చూసింది, రైతు రెండు పేర్లతో వేరుచేశాడు, శాస్త్రం కారణాన్ని చెప్పింది. తెలుగు విమర్శ ఇంతవరకు ఎక్కువగా మొదటిదానినే వింది. పాలచౌడు, కారుచౌడు అనే పదాలను పాఠ్యగ్రంథాల్లో ప్రామాణికంగా నిలపడం, ఊషర ఉపమానాన్ని బోధించేటప్పుడు ఆ నేల బాగుపడుతుందని కూడా చెప్పడం అవసరం. నేల విషయంలో చెల్లని తీర్పును మనిషి విషయంలో చెల్లించుకునే హక్కు ఏ అలంకారానికీ లేదు.