స్వామ్యం, అధీనం, నిష్క్రమణ: ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ బహుక్రీడాకారుల నియమాలపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం: సేకరణ కార్డుల ఆటల్లో కార్డు ఎవరిదన్న ప్రశ్నకు నియమావళి చెప్పే సమాధానం ఇద్దరాడే ఆటలో సహజంగా కనిపిస్తుంది. నలుగురాడే ఆటలో ఒకరు మధ్యలో నిష్క్రమిస్తే అదే సమాధానం మిగిలినవారిపట్ల అన్యాయంగా పరిణమిస్తుంది. ఈ పరిణామాన్ని ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ నియమాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: స్వామ్యం, అధీనం, నిష్క్రమణ, పందెం, కమాండర్, సేకరణ కార్డులు.

1. ప్రస్తావన

పేకాటలో ముక్కలు ఎవరివన్న ప్రశ్న పుట్టదు. పేక ఎవరు కొని తెచ్చినా, కలిపి పంచిన తర్వాత అది అందరిదీ. తెచ్చినవాడి చేతికి మంచి ముక్కలు రావాలన్న నియమమేదీ లేదు. 1967లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణల మధ్య వ్యాజ్యంలో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యక్రీడగా గుర్తించినప్పుడు కూడా చర్చ అదృష్టం, నైపుణ్యం, పందెం అనే అంశాల చుట్టూ సాగింది తప్ప ముక్కల స్వామ్యం వైపు వెళ్లలేదు.

1993లో రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించగా విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ విడుదల చేసిన ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ ఈ స్థితిని తలకిందులు చేసింది. ఇందులో ప్రతి ఆటగాడూ తాను కొనుక్కున్న కార్డులతో తన పేకను తానే కూర్చుకొని బల్ల దగ్గరికి వస్తాడు. ఆటలో ఎదుటివాడి ప్రాణిని వశపరచుకోవచ్చు, అతని పేకలోంచి కార్డు ఏరి తన పక్షాన నిలబెట్టుకోవచ్చు. అందువల్ల బల్ల మీది ప్రతి కార్డుకూ ‘ఇది ఎవరిది’, ‘ఇప్పుడు ఎవరు ఆడిస్తున్నారు’ అనే రెండు వేర్వేరు ప్రశ్నలు ఏర్పడ్డాయి.

2. రెండు భావనలు

నియమావళి ప్రకారం ఆట మొదలైనప్పుడు కార్డు ఎవరి పేకలో ఉందో అతడే దాని స్వామి. దాన్ని ప్రస్తుతం ఆడించే హక్కు ఉన్నవాడు అధీనకర్త. అధీనం చేతులు మారుతుంది, స్వామ్యం మారదు. ఒకరి అధీనంలో ఉండగా నాశనమైన కార్డు స్వామి శ్మశానానికే చేరుతుంది. స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకున్న పేకతో ఆడేవాడే ఆ ఆట వరకు స్వామి. కార్డులను నిజంగా డబ్బు పెట్టి కొన్నదెవరన్న విషయంతో పందెం నియమాలకు తప్ప ఆట నియమాలకు నిమిత్తం లేదని నియమావళి స్పష్టంగా చెబుతుంది.

ఆగమభోగాల విభజన ధర్మశాస్త్రం చదివినవారికి కొత్త కాదు. భోగం కంటే ఆగమం బలమైనదనీ, తరతరాలుగా సాగివచ్చిన భోగం మాత్రమే ఇందుకు మినహాయింపనీ యాజ్ఞవల్క్యస్మృతి మతం. మ్యాజిక్ నియమావళి ఆ మినహాయింపును కూడా ఇవ్వదు. ఆట ఎంతసేపు సాగినా భోగం ఆగమంగా మారదు.

3. పందెం: విడిచిపెట్టిన దారి

తొలి నియమాల్లో స్వామ్యం నిజంగానే చేతులు మారేది. ఆటకు ముందు ఇద్దరూ తమ పేకల్లోంచి చూడకుండా ఒక్కో కార్డు తీసి పక్కన పెట్టేవారు. గెలిచినవాడు రెండింటినీ ఇంటికి తీసుకుపోయేవాడు. గెలిచిన గోలీలు జేబులో వేసుకుపోయే ఆట తెలిసినవారికి ఇది విడ్డూరంగా అనిపించదు. అయితే గోలీలన్నిటి ఖరీదూ దాదాపు ఒకటే, కార్డులు అలా కావు. పందాన్ని ప్రస్తావించే కార్డులు మొత్తం తొమ్మిదే వచ్చాయి. వాటిలో చివరివి 1995 నాటివి. ఆ పద్ధతి వాడుకలోంచి తప్పుకొన్నా ఒక నియమం మిగిలింది: ఒక కార్డును దాని స్వామి తప్ప వేరెవరూ పందెంగా ఒడ్డలేరు.

ఇక్కడ సభాపర్వం గుర్తుకు రావడం సహజం. ముందుగా తన్ను తాను ఓడిన ధర్మరాజుకు తనను ఒడ్డే అధికారం ఎక్కడిదని ద్రౌపది అడిగింది. ఆటలో సర్వం కోల్పోయినవాడి స్వామ్యం అతని ఓటమి తర్వాత కూడా నిలుస్తుందా అన్నదే ఆ ప్రశ్న సారం. సభలో దానికి తేలికైన జవాబు దొరకలేదు. మ్యాజిక్ నియమావళి మాత్రం తడుముకోకుండా ‘నిలుస్తుంది’ అంటుంది. అసలు చిక్కు ఆ జవాబులోనే ఉంది.

4. నిష్క్రమణ

ఇద్దరి ఆటలో ఒకడు ఓడితే ఆట ముగుస్తుంది. మిగిలిన కార్డుల సంగతి ఎవరికీ పట్టదు. నలుగురు కూర్చునే ‘కమాండర్’ రీతిలో అలా కాదు. ఒక్కొక్కరు 100 కార్డుల పేకతో, 40 ప్రాణాంకాలతో మొదలుపెడతారు. ఒకడు ముందుగా ఓడితే ముగ్గురు ఆట కొనసాగిస్తారు. అప్పుడు నిష్క్రమించినవాడి స్వామ్యంలోని కార్డులన్నీ, ఎవరి అధీనంలో ఉన్నా సరే, ఆటలోంచి వెళ్లిపోతాయి. అతనికి ఇతరుల వస్తువులపై అధీనమిచ్చిన ప్రభావాలు ముగిసిపోతాయి. ఆపైన కూడా అతని అధీనంలోనే మిగిలినవి బహిష్కృతమవుతాయి.

ఈ మూడు మెట్లు ఆచరణలో ఏం చేస్తాయో చూడాలి. క, చ, ట, త అనే నలుగురు ఆడుతున్నారు. ‘క’ ‘బ్రైబరీ’ కార్డు ప్రయోగించి ‘చ’ పేకలోంచి ‘సెర్రా ఏంజెల్’ను ఏరి తన పక్షాన నిలిపాడు. ఆ తర్వాత ‘ట’ దాడికి ‘చ’ ఓడిపోయాడు. దేవత ‘చ’తో పాటు వెళ్లిపోతుంది. ‘క’ ఏ తప్పూ చేయలేదు, అతనిపై ఎవరూ దాడి చేయలేదు. అయినా బల్ల మీది బలం పోయింది. ‘ట’కు ఒకే దెబ్బతో ఇద్దరి నష్టం కలిసివచ్చింది.

ఓడినవాడు ‘క’ అయితే చిక్కు మరింత విచిత్రం. దేవత బహిష్కృతమవుతుంది. స్వామి అయిన ‘చ’ ఇంకా ఆటలో ఉన్నా తన కార్డు అతనికి ఆటలోకి తిరిగి రాదు. ‘క’ వాడింది ‘బ్రైబరీ’ కాక ‘కంట్రోల్ మ్యాజిక్’ అయితే మాత్రం దేవత తిరిగి ‘చ’ అధీనంలోకి వస్తుంది. రెండు చోట్లా జరిగింది ఎదుటివాడి ప్రాణిని తీసుకోవడమే, ఫలితాలు మాత్రం వేరు. దీనికి కారణం సాంకేతికం. ‘కంట్రోల్ మ్యాజిక్’ సందర్భంలో దేవత మొదట ‘చ’ అధీనంలో ఉండేది కనుక ప్రభావం తొలగితే అక్కడికే చేరుతుంది. ‘బ్రైబరీ’ సందర్భంలో అది రంగం మీదికి రావడమే ‘క’ అధీనంలో వచ్చింది, వెనక్కి వెళ్లడానికి ముందటి అధీనం లేదు. పైగా ‘చ’ ఖర్చేమీ పెట్టకుండా పెద్ద ప్రాణిని రంగం మీద పొందడం కూడా అనుచితమే. వాదన తర్కబద్ధమే. కానీ స్వామ్యమే పరమమని చెప్పే నియమావళి, స్వామి ఎదుట కూర్చుని ఉండగా అతని కార్డును ఎవరికీ కాకుండా చేస్తున్నదని ఒప్పుకోవలసి వస్తుంది.

ఓటమిని ఎప్పుడైనా అంగీకరించవచ్చన్న నియమం దీన్ని ఇంకా తీవ్రం చేస్తుంది. ‘స్వోర్డ్ ఆఫ్ ఫీస్ట్ అండ్ ఫామిన్’ ధరించిన ప్రాణి ఎదుటి ఆటగాడికి పోరులో నష్టం కలిగిస్తే దాడి చేసినవాడి భూములన్నీ మళ్లీ వాడుకోవడానికి సిద్ధమవుతాయి. ఎలాగూ ఓడిపోయేవాడు ఆ నష్టం తగిలే క్షణానికి ముందే ఓటమి ఒప్పుకుని లేచిపోతే దాడి చేసినవాడికి ఆ ఫలం దక్కదు. తన కార్డు ఎదుటివాడి విజయానికి ఆధారమైనప్పుడు కూడా ఇదే ఉపాయం పనిచేస్తుంది. గెలిచే అవకాశం లేనివాడి చేతికి ఎవరు గెలవాలో నిర్ణయించే అధికారం వస్తుంది. కొన్ని బృందాలు తన వంతులో, వేరే చర్యలేవీ పెండింగులో లేనప్పుడు మాత్రమే ఓటమి ఒప్పుకోవాలని తమలో తాము కట్టుబాటు చేసుకున్నాయి. పరిచయస్థుల మధ్య ఇది చెల్లుతుంది, అపరిచితుల మధ్య ఎవరినీ కుర్చీలో కట్టివేయలేరు.

5. సమర్థన, దాని పరిధి

నిష్క్రమణ నియమానికి ఉన్న బలమైన సమర్థన తాత్త్వికం కాదు, భౌతికం. ఓడినవాడు తన కార్డులు సర్దుకుని ఇంటికి వెళ్లాలి. వాటిలో ఒకటి వందల డాలర్లు చేసేది కావచ్చు. 1996లో సంస్థ ప్రకటించిన ‘రిజర్వ్‌డ్ లిస్ట్’లోని కార్డులను మళ్లీ ముద్రించబోమని హామీ ఉంది కనుక అవి పోతే ఆ లోటు తీర్చుకోవడం ఎంతో ఖర్చుతో కూడిన పని. అలాంటి కార్డును మరో గంటసేపు అపరిచితుడి ముందు వదిలి వెళ్లమనడం న్యాయం కాదు. ఇంతవరకు అంగీకరించదగినదే.

అయితే ఈ సమర్థన రెండు చోట్ల నిలవదు. మొదటిది, కార్డు లేకుండానే కార్డు పని కొనసాగించడం నియమావళికి తెలుసు. ‘క్లోన్’ కార్డు మరొకరి ప్రాణికి నకలుగా వచ్చాక ఆ మూలప్రాణి స్వామితో పాటు వెళ్లిపోయినా నకలు నిలుస్తుంది. టోకెన్ల సంగతి సరేసరి. వాటికి ప్రతిగా ఒక గవ్వ పెట్టినా సరిపోతుంది. అసలు కార్డును స్వామి తీసుకుపోయి, దాని స్థానంలో అవే లక్షణాలున్న గుర్తును ఆట ముగిసేవరకు ఉంచడం ఊహకందనిదేమీ కాదు. జ్ఞాపకముంచుకోవలసిన భారం పెరుగుతుందన్న ఆక్షేపణ నిజమే గాని, ఈ ఆటగాళ్లు అంతకు మించిన భారాలను రోజూ మోస్తున్నారు.

రెండవది ‘మ్యాజిక్ ఆన్‌లైన్’. 2002లో మొదలైన ఈ వేదికపై నలుగురూ కమాండర్ ఆడవచ్చు. అక్కడ సర్దుకుని పోవలసిన కాగితం లేదు, పోగొట్టుకునే భయం లేదు. నిష్క్రమించినవాడి ఖాతాలో కార్డు భద్రంగానే ఉంటుంది. అయినా అదే నియమం అమలవుతుంది. కారణం పోయిన తర్వాత మిగిలిన నియమం ఇది. కాగితపు ఆటకూ తెరమీది ఆటకూ ఒకే నియమావళి ఉండాలన్న సౌలభ్యం తప్ప దీనికి వేరే ఆధారం కనబడదు.

6. 2009 నాటి సవరణ

స్వామ్యం నిర్వచనం మార్చరానిదేమీ కాదని సంస్థే ఒకసారి చూపింది. 2005 నాటి ‘హంటెడ్ డ్రాగన్’ రంగం మీదికి వచ్చినప్పుడు ప్రత్యర్థికి మూడు యోధుల టోకెన్లు లభిస్తాయి. పాత నియమంలో టోకెన్‌కు స్వామి దాన్ని సృష్టించిన ప్రభావానికి కర్త, అంటే డ్రాగన్‌ను ఆడినవాడు. అతడు ‘బ్రాండ్’ కార్డు ప్రయోగిస్తే తన స్వామ్యంలోనివన్నీ తన అధీనంలోకి వస్తాయి కనుక ఇచ్చిన యోధులను తిరిగి లాక్కోగలిగేవాడు. బహుక్రీడాకారుల ఆటలో అతడు నిష్క్రమిస్తే ఇచ్చినవి కూడా అతనితో పోయేవి. 2009లో ‘మ్యాజిక్ 2010’ సంచికతో పాటు వచ్చిన నియమాల మార్పుల్లో టోకెన్ ఎవరి అధీనంలో రంగం మీదికి వస్తే వారే స్వామి అని సవరించారు. పాత నియమం ఆటగాళ్లకు అంతుబట్టకపోవడమే అందుకు కారణం. ఇచ్చినది ఇచ్చినట్టే ఉండాలన్న సామాన్య న్యాయభావన ఆ సవరణతో నియమంలోకి వచ్చింది. ‘బ్రైబరీ’కి గురైన దేవత ఎందుకు తిరిగి రాలేదో, ‘కంట్రోల్ మ్యాజిక్’కు లోబడినది ఎందుకు వచ్చిందో కొత్త ఆటగాడికి వివరించవలసి వచ్చినప్పుడు ఆ అంతుబట్టనితనం ఇప్పటికీ ఎదురవుతూనే ఉంది. సవరణ మాత్రం టోకెన్ల దగ్గరే ఆగింది.