ఒకరి కాన్పు చావు, ఒకరి కాన్పు నవ్వు

మంచి సినిమా, చెత్త సినిమా అని రెండు గంపలు చేసి పెట్టింది ఎవరు? సాహిత్యంలోంచి పుట్టిన సినిమా అయితే చేతులు కట్టుకొని చూడాలె. కాలేజీ పిల్లల మోటు హాస్యమైతే ముక్కు మూసుకోవాలె. ఈ మర్యాద మనం పెట్టుకున్నది కాదు, చదువుతోపాటు మనకు అంటుకున్నది. దాన్ని కొంచెం పక్కకు పెట్టి చూద్దాం.

ఈ ఎండాకాలం సెలవుల్లో ఇంటర్ చదివే మా అక్కల పిల్లలతో కూసోని రెండు సినిమాలు వరసబెట్టి చూసిన. ఒకటి మృణాల్ సేన్ 1977లో తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ', జాతీయ అవార్డు వచ్చిన సినిమా. రెండోది 2000లో వచ్చిన 'చిత్రం', దర్శకుడు తేజకు, హీరో ఉదయ్ కిరణ్‌కు తొలి సినిమా. ఈ రెండింటికీ పోలికేంది అంటరా? రెండు కథలూ ఒక ఆడపిల్ల కడుపు చుట్టే తిరుగుతయి.

'ఒక ఊరి కథ'కు మూలం ప్రేమ్‌చంద్ రాసిన 'కఫన్'. ఘీసు, మాధవ్ తండ్రీకొడుకులు. వాళ్లది చమార్ కులమని రచయితే చెప్పిండు. గుడిసెలో కోడలు బుధియా నొప్పులు పడుతుంటే వీళ్లు బయట నెగడు కాడ కూసోని ఆలుగడ్డలు కాల్చుకొని తింటుంటరు. లోపలికి పోతే రెండోవాడు ఎక్కువ తింటడని కొడుకుకు భయం. ఆమె చస్తది. కఫన్ కోసం అడుక్కొచ్చిన అయిదు రూపాయలతో ఇద్దరూ తిని తాగుతరు.

సేన్ సినిమాలో ఘీసు వెంకయ్య అయిండు, బుధియా నీలమ్మ అయింది. వాసుదేవరావు వేసిన ఈ వెంకయ్య ఉత్త సోమరి కాదు. మనం ఎంత కష్టం చేస్తే ఆసామి అంత బలుస్తడు, ఎందుకు చెయ్యాలె అన్నది వాని వాదన. అది ఒక్క మనిషి చేసే సమ్మె. వెట్టి చేసిన కులాలకు అది ఒకరు చెప్పకుండనే సమజైతది. అందుకు సేన్‌కు దండం పెడత. కానీ ఆ సమ్మె ఎవరి రెక్కల మీద నడిచింది? కష్టం చేసి ఇల్లు నిలబెట్టాలని చూసిన నీలమ్మే ఆఖరికి చచ్చింది.

నా అసలు తగాదా మూలకథతోనే. వాడ ఎటు పోయింది? మా దిక్కు ఒకామెకు నొప్పులొస్తే గుడిసె నిండ ఆడోళ్లే ఉంటరు. మా అమ్మమ్మ మంత్రసాని. దొరోళ్ల ఇండ్లల్లో కాన్పులు గూడ ఆమె చేతుల మీదనే అయినయి. బిడ్డ బయటపడేదాక ఆ చేతులు కావాలె, పడ్డంక ఆమె తిరిగిన జాగా కడుక్కునేటోళ్లు. మా ఆడమనిషిని దిక్కులేకుండ చంపాలంటే ముందుగాల వాడ ఆడోళ్లందర్నీ కథలోంచి ఎల్లగొట్టాలె. ప్రేమ్‌చంద్ చేసింది అదే. ఇరుగుపొరుగు వస్తరు గానీ బుధియా చచ్చినంక, ఏడవడానికి! ఓంప్రకాశ్ వాల్మీకి వంటి హిందీ దళిత రచయితలు ఈ కథను నిలదీసింది ఊరికే కాదు.

ఇగ 'చిత్రం'. రమణ, జానకి పదిహేడేండ్ల పిల్లలు. ప్రేమల పడతరు, జానకి కడుపుతో అయితది. పెండ్లి జరుగుతది. చంటిబిడ్డను సాకుకుంట ఎట్ల చదువుకోవాలె అన్నదే మిగతా కథ. జోకులు మోటువే. నాట్లేసేకాడ మా ఆడోళ్లు ఆడే మోటు మాటల ముందు అవెంత! కాకపోతే మావోళ్ల మోటు మాట పటేలు మీసం దాకా పోతది. ఈ సినిమాది లెక్చరర్ల కాడ, తోటి పిల్లల కాడ ఆగిపోతది. పిల్లలు పడిపడి నవ్విండ్లు. నేనూ నవ్విన.

నవ్వులయినంక ఒక పిల్ల అడిగింది: "చిన్నమ్మా, వీళ్లదే కులం?"

సినిమా చెప్పదు. చెప్పే అవసరం లేకపోవుడే దానికి జవాబు. కులం ఊసెత్తకుండ ప్రేమించుకునే వసతి ఎవరికున్నది? ఆ వయసులో కడుపొస్తే ఓర్చుకునే ఇల్లు, ఆగే కాలేజీ ఎవరికున్నయి? మా బడిలో పదో తరగతి దాటకముందే పెండ్లయి, బిడ్డను చంకనేసుకొని టీసీ కోసం వచ్చిన పిల్లల్ని చూసిన. పరీక్ష రాయమని వాళ్లకు చెప్పినోళ్లు లేరు. 2018లో మిర్యాలగూడలో మన ప్రణయ్‌ని నరికి చంపింది ఎక్కడ? కడుపుతో ఉన్న భార్యను చూపించుకొని వస్తుంటే, ఆస్పత్రి ముందల. అమ్మాయిది పై కులం. అక్కడ కులం చెప్పకుండ కథ నడిచిందా?

ఒక సినిమా మన బిడ్డను చంపి కండ్లనీళ్లు అడిగింది. ఇంకోటి వాళ్ల బిడ్డను బతికించి నవ్వమన్నది. ఏది గొప్పదని తూకం వేసుడు మన పని కాదు. ఏడుపు మనకు, నవ్వు వాళ్లకు అని పంచినోళ్లను అడగాలె. మనల్ని మనం గూడ అడుక్కోవాలె. మన కథల్లో మన ఆడోళ్ల చావు రాసినంతగా వాళ్ల నవ్వు రాసినమా?

చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెండ్లూ, నీలమ్మ బతికే కథ మీరు రాయండి. గుడిసె నిండ ఆడోళ్లుండాలె, మోటు జోకులుండాలె, బిడ్డ కేర్‌మనాలె. ఆ తల్లి పరీక్ష గూడ రాయాలె. కులం పేరు మాత్రం దాచొద్దు.