తెర తొలగకముందే

వీధినాటకంలో పాత్ర ఒక్కసారిగా వచ్చి జనం ముందు నిలబడదు. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని తెర పడతారు. హార్మోనియం ఎత్తుకుంటుంది, మద్దెల కలుస్తుంది, తెర కింద గజ్జెల కాళ్లు కనిపిస్తాయి. వచ్చింది ఎవరో తెలియదు, నడక మాత్రం తెలుస్తుంది. భామాకలాపంలో అయితే సత్యభామ ముఖం కంటే ముందు ఆమె జడ తెర మీదుగా ఇవతలికి వచ్చి పడుతుంది. ఆ ముఖం చూడాలన్న ఆత్రం జనంలో బాగా ముదిరేదాకా తెర దించరు. థ్రిల్లర్ సినిమా మొదటి రెండు నిమిషాలూ చేయాల్సిన పని ఇదే. అక్కడ తెర పట్టుకునేది కెమెరా.

ఆదోని, ఎమ్మిగనూరు డిగ్రీ పిల్లలు కొందరు కలిసి ఒక థ్రిల్లర్‌కు మొదలు మాత్రం తీశారు. పూర్తి కథ లేదు. టైటిల్ పడేదాకా రెండు నిమిషాలు, అంతే. తీశాక దాన్ని మళ్లీ మళ్లీ వేసుకుని చూస్తూ, ఏది కుదిరింది, ఏది చెడింది, ఎందుకు చెడింది అని గంటల తరబడి వాదించుకున్నారు. ఆ వాదన పక్కన కూర్చుని విన్నాను. సినిమా తీయడం నేర్చుకోవాలనుకునే ఏ ఊరి పిల్లలకైనా ఆ మాటలు పనికొస్తాయనిపించింది.

మొదలు ఒక్కటే ఎందుకు తీయాలి? షార్ట్ ఫిల్మ్ అనగానే మన కుర్రాళ్లు చివర్లో వచ్చే మలుపు కోసం కథ అల్లుతారు. పది నిమిషాలు ఎలాగోలా నడిపి, చివరి అర నిమిషంలో ‘అసలు చచ్చిపోయింది వీడే’ అని చెప్పి చప్పట్లు ఆశిస్తారు. మొదలు తీసేవాడికి ఆ వెసులుబాటు ఉండదు. జవాబు చెప్పి గట్టెక్కే అవకాశం లేదు కాబట్టి ప్రశ్ననే గట్టిగా కట్టాలి. ప్రేక్షకుడు కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపు వాడి మనసులో ఒక ముల్లు గుచ్చాలి. షాటు, శబ్దం, వెలుతురు, కట్టింగు అన్నీ ఆ ఒక్క పనికే కొలువు చేయాలి. చదువుకునే వయసులో ఇంతకంటే మంచి సాధన నాకు తోచదు.

వీళ్ల మొదటి ప్రయత్నం అందరి ప్రయత్నాల్లాగే ఉంది. నల్ల హుడీ వేసుకున్న ఒకడు, చేతిలో కత్తి, ఆదోని కోట గుట్ట మీద నుంచి తీసిన పొడుగాటి షాటు, వెనక ఇంటర్నెట్‌లో దొరికిన గుండె దడ సంగీతం. చూసిన వాళ్లెవరికీ భయం వేయలేదు. ‘ఎందుకు వేయలేదు’ అని వాళ్లే ఒకరినొకరు అడుక్కున్నారు. ఒక అమ్మాయి చెప్పిన మాట నాకు గుర్తుండిపోయింది: “ఆ హుడీ వాణ్ని నేను ఫోన్‌లో చూసినా సార్, మా వీధిలో ఎప్పుడూ చూల్లేదు. వానికి నేనెందుకు భయపడాల?”

ఆ మాటతో దారి మారింది. మన వీధిలో ఏది చూస్తే గుండె జల్లుమంటుంది అని వెతుకుతూ పోతే, వాళ్లకు దొరికింది ఒక తాళం.

పశ్చిమ కర్నూలు సంగతి తెలిసిన వాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. పంట చేతికి రానప్పుడు కోసిగి, హొళగుంద, పెద్దకడబూరు వైపు పల్లెలు సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, పోతాయి. గుంటూరు మిరప చేలకు కొందరు, బెంగళూరు కట్టడం పనులకు కొందరు. వీధికి వీధి తాళాలు పడతాయి. ముసలివాళ్లు మిగులుతారు, కొన్నిసార్లు బడి పిల్లలు మిగులుతారు. ఈ పిల్లల్లో ఇద్దరు అలా అవ్వ దగ్గర మిగిలి పెరిగిన వాళ్లే. తాళం వేసిన వీధి ఎలా ఉంటుందో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అప్పుడు వాళ్లు రాసుకున్న మొదలు ఇలా సాగుతుంది. పొద్దు గుంకుతున్న వేళ. వీధిలో ఒక తాళం, ఇంకో తాళం, మూడో తాళం. మొదటి రెండింటి మీదా దుమ్ము పేరుకుని ఉంది. చెంబు పట్టుకుని ఒక అవ్వ నడిచి వస్తుంది. ఆమె ముఖం మనకు చూపించరు. పాదాలు, చీర కుచ్చెళ్లు, చెంబు అంచు, అంతే. మూడో ఇంటి ముందు పాదాలు ఆగుతాయి. ఇంటికి బయట తాళం ఉంది. లోపల మగ్గం ఆడుతోంది. నాడె అటూ ఇటూ పరిగెత్తే చప్పుడు, పన్నె దెబ్బ, మళ్లీ నాడె. అవ్వ అరచెయ్యి తలుపు మీద ఆనిస్తుంది. మగ్గం ఆగుతుంది. తెర నల్లబడి టైటిల్ పడుతుంది.

కత్తి లేదు, రక్తం లేదు, పరుగు లేదు. చూసిన ప్రతివాడూ ‘లోపల ఎవరు?’ అని అడిగాడు.

ఉలిక్కిపాటు కాకుండా ఉత్కంఠ పుట్టించే ఈ మెళకువ పాతదే. హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్సువా త్రూఫోతో చేసిన సుదీర్ఘ సంభాషణలో దాన్ని బల్ల కింద బాంబు ఉదాహరణతో విడదీసి చూపించాడు. ఇద్దరు మాట్లాడుకుంటుండగా బాంబు హఠాత్తుగా పేలితే ప్రేక్షకుడు కొన్ని సెకన్లు ఉలిక్కిపడతాడు. బాంబు ఉందని ముందే చూపిస్తే, ఆ ఇద్దరూ ఏ పొద్దుపోని కబుర్లు చెప్పుకుంటున్నా ప్రేక్షకుడు అన్ని నిమిషాలూ ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. ఆర్సన్ వెల్స్ 1958లో తీసిన ‘టచ్ ఆఫ్ ఈవిల్’ సరిగ్గా అలాగే మొదలవుతుంది. కారు డిక్కీలో బాంబు పెట్టడం మనకు చూపించి, ఆ కారు వెంట మూడు నిమిషాలకు పైగా ఒక్క కట్ లేకుండా కెమెరా నడుస్తుంది.

తెలుగులో ఈ సూత్రాన్ని అందరికీ అర్థమయ్యేలా వాడింది ‘క్షణ క్షణం’ అని నా అభిప్రాయం. 1991లో రామ్‌గోపాల్ వర్మ తీసిన ఆ సినిమా బ్యాంకు దోపిడీతో మొదలవుతుంది. దోపిడీ సొమ్ము జాడ శ్రీదేవి వేసిన సత్య పాత్ర చేతికి చేరినట్టు మనకు తెలుసు, ఆమెకు తెలియదు. అక్కడి నుంచి ఆమె నవ్వినా, అలిగినా, వంట గురించి మాట్లాడినా మనకు కంగారే. అంతకుముందు, 1985లో వంశీ తీసిన ‘అన్వేషణ’ది వేరే దారి. అడవిలో చావులు జరుగుతుంటాయి, పులి పనే అని అందరూ అనుకుంటారు. అక్కడ ప్రేక్షకుడికి పాత్రల కంటే ఎక్కువ తెలియదు. వాళ్లతో పాటే అడవిలో తడుముకుంటాడు. చంద్రశేఖర్ యేలేటి ‘అనుకోకుండా ఒక రోజు’ (2005)లో మూడో దారి తీశాడు. నాయిక జీవితంలోంచి ఒక రోజు మాయమైపోతుంది, ఆమెకే గుర్తు లేదు. ప్రేక్షకుడికి ఎక్కువ తెలుసా, సమానంగా తెలుసా, ఎవరికీ ఏమీ తెలియదా అన్నది థ్రిల్లర్ రాసేవాడు కాగితం మీద కలం పెట్టకముందే తేల్చుకోవాలి. మన పిల్లలు ఇది తేల్చుకోకుండానే మొదటిసారి షూటింగుకు పోయారు. రెండోసారి తేల్చుకుని పోయారు: అవ్వకు ఎంత తెలుసో మనకూ అంతే తెలియాలి.

శబ్దం సంగతి ఇంకొంచెం విడిగా చెప్పాలి. ఈ రెండు నిమిషాల ప్రాణం అక్కడే ఉంది. బొమ్మ తీసింది ఆదోని దగ్గర పల్లెలో. మగ్గం చప్పుడు పట్టింది ఎమ్మిగనూరులో, ఒక కుర్రాడి చుట్టాల ఇంట్లో గుంట మగ్గం దగ్గర. ఎమ్మిగనూరు అంటేనే నేత. మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం ఆ ఊరికి దేశమంతటా పేరు తెచ్చింది, 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మగ్గాలు మునుపటంత వినపడకపోయినా, ఆ చప్పుడు చిన్నప్పుడు వింటూ నిద్రపోయిన వాళ్లు ఆ ఊళ్లో ఇంకా ఎందరో. అలాంటి చెవులకు మగ్గం ఆడటం ఇల్లు క్షేమంగా ఉందనే కబురు. క్షేమానికి గుర్తయిన చప్పుడునే తీసుకుని, అది వినపడకూడని చోట వినిపించడంలో ఈ పిల్లల తెలివంతా ఉంది.

ఫోన్‌ను మగ్గం పక్కన పెడితే దెబ్బ దెబ్బకూ శబ్దం పగిలిపోయింది. గది అవతల, తలుపు మూసి, గోడ ఇవతల పెట్టి పట్టారు. అప్పుడు నిజంగా లోపలి నుంచి వస్తున్నట్టు మెత్తగా, బరువుగా వచ్చింది. మగ్గం ఆగాక ఏం వినిపించాలన్నది ఇంకో చిక్కు. మొదట శబ్దం మొత్తం తీసేశారు. చూసినవాళ్లు స్పీకరు చెడిందనుకున్నారు. తర్వాత అదే వీధిలో, అదే వేళ, ఊరికే కూర్చుని కాసేపు రికార్డు చేసుకొచ్చారు. దూరంగా మోటారు, ఎక్కడో కుక్క, వేపాకు గలగల. దాన్ని కింద పరిచాక ఆ ఆగడం చెవికి తెలిసింది. 1989లో ‘శివ’ వచ్చినప్పుడు సైకిల్ చైన్ తెంపిన సన్నివేశం గురించి ఊరూరా మాట్లాడుకున్నారు. ఆ చైన్ మన ఒంటికి తగిలినట్టు అనిపించడంలో సగం పాలు శబ్దానిదే. ఆ రోజుల్లో దాని వెనక పెద్ద స్టూడియో ఉంది. ఇవాళ ఓపిక ఉంటే రెండో ఫోను చాలు.

వెలుతురు విషయంలో వాళ్లు త్వరగానే కుదురుకున్నారు. ఫోన్ కెమెరా చీకటిని చూస్తే తనంతట తానే బొమ్మను వెలిగించేస్తుంది. అందుకే ఎక్స్‌పోజర్‌ను లాక్ చేసి, పొద్దు గుంకాక మిగిలే ఆ కొద్దిసేపటి నీలి వెలుగులో తీశారు. తోలుబొమ్మలాట చూసినవాళ్లకు తెలుసు, బొమ్మ తెరకు దూరంగా ఉంటే నీడ పెద్దదై మసకబారుతుంది, తెరకు ఆనితే గీత గీతా తేటపడుతుంది. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో దళవాయి చలపతిరావు లాంటి కళాకారులు ఆ విద్యను నిలబెట్టారు, 2020లో ఆయనకు పద్మశ్రీ దక్కింది. ఒక కుర్రాడు ఆ ఆట తలుచుకుని, మూడో తాళం షాటులో అవ్వ నీడ తలుపు మీద ముందు మసకగా పడి, ఆమె దగ్గరికి వచ్చేకొద్దీ తేటపడేట్టు వెనక ఒక్క బల్బు పెట్టించాడు. నాకు ఆ మొత్తంలో అన్నిటికంటే నచ్చిన షాటు అది.

చెడిన చోట్లు కూడా ఉన్నాయి. అవ్వ ఒక షాటులో ఎడమ నుంచి కుడికి నడుస్తుంది, తర్వాతి షాటులో కుడి నుంచి ఎడమకు. వీధికి ఆ పక్కన నిలబడి తీసినవాళ్లు మధ్యలో ఈ పక్కకు మారడంతో ఆమె వెనక్కి తిరిగి పోతున్నట్టయింది. ఎడిటింగులో కూర్చుంటే గానీ ఎవరికీ తెలియలేదు. మళ్లీ తీశారు.

వాళ్లు గట్టిగా పోట్లాడుకున్నది మాత్రం నిజాయితీ మీద. మొదటి కూర్పులో తలుపు లోపలి నుంచి ఒక షాటు ఉండేది, నాడె విసిరే చెయ్యి. ఒకరు ఉంచాలన్నారు, ఇంకొకరు తీసేయాలన్నారు. చివరికి తీసేశారు. దానికి చెప్పిన కారణం నాకు గొప్పగా తోచింది: అవ్వకు కనపడనిది మనకెందుకు కనపడాలి? తీసేశాక ఇంకో అనుమానం వచ్చింది. బయట తాళం ఉండగా లోపలికి మనిషి ఎలా పోయాడో రేపు కథలో చెప్పాలి కదా, దాని జాడ ఇప్పుడే లేకపోతే ప్రేక్షకుణ్ని మోసం చేసినట్టు కాదా? అందుకని మూడో తాళాన్ని మళ్లీ తీశారు. మొదటి రెండింటి మీదా దుమ్ము. దీని మీద దుమ్ము లేదు, తాళం చెవి దూరే కంత దగ్గర నూనె మెరుస్తోంది. తలుపు బందులో ఎర్ర నూలు పోగు ఒకటి చిక్కుకుని ఉంది. చూపించారు, ఎత్తి చూపలేదు. మొదటిసారి చూసినవాడి కన్ను దాన్ని దాటిపోతుంది. కథంతా తెలిశాక వెనక్కి వచ్చి చూస్తే అది అక్కడే ఉంటుంది. దాచడానికీ అబద్ధం చెప్పడానికీ ఉన్న ఈ తేడా పట్టుకోలేక పెద్ద పెద్ద థ్రిల్లర్లే బోల్తా పడ్డాయి. ఇరవై ఏళ్లు నిండని పిల్లలు పట్టుకున్నారు.

ఈ నేలకు నాటకం కొత్త కాదని కూడా గుర్తు చేయాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ తెలుగు నాటకాన్ని మలిచిన గడ్డ అది. రాష్ట్రాల గీతలు మారినా పల్లెల్లో పద్యనాటకం పోలేదు. హార్మోనియం మాస్టరును పిలిపించుకుని నెలల తరబడి రిహార్సళ్లు చేసే రైతులు మన కళ్ల ముందే ఉన్నారు. ఈ పిల్లలు తీసిన దాంట్లో అవ్వగా వేసిన ఆమె భర్త కూడా ఒకప్పుడు దుర్యోధనుడి వేషం కట్టినవాడే. షూటింగులో ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో ఆమెకు ఎవరూ రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు.

థ్రిల్లర్ అంటే హైదరాబాదు అపార్టుమెంట్లలోనూ, ఫారిన్ వీధుల్లోనూ జరిగేదన్న అపోహ 2019లో నెల్లూరు నేపథ్యంగా వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’తో కొంత సడలింది. జిల్లా పట్టణం, అక్కడి యాస, అక్కడి రైలు పట్టాలు పెట్టి కూడా జనాన్ని కుర్చీ అంచున కూర్చోబెట్టవచ్చని తేలింది. ఆదోనికి పత్తి మార్కెట్టు ఉంది, జిన్నింగు మిల్లులున్నాయి, రాత్రుళ్లు ఆగకుండా పోయే రైళ్లున్నాయి, కోట ఉంది. దేవరగట్టులో దసరా రాత్రి కర్రలతో సాగే బన్ని ఉత్సవం ఉంది. వీటిని వాడుకోవడానికి ఈ పిల్లలకు కావాల్సింది ఒక మంచి మైకు, ట్రైపాడు, ఒక ఎడిటింగ్ కంప్యూటరు. డిగ్రీ కాలేజీలు ప్రయోగశాలలకు పెట్టే ఖర్చులో చిన్న పాలు దీనికి పెడితే చాలు. అది దండగ ఖర్చని అనేవాళ్లతో నేను వాదించడానికి సిద్ధం.

వాళ్ల గొడవల్లో ఒకటి ఇంకా తేలలేదు. టైటిల్ ఎప్పుడు పడాలి? మగ్గం ఆగిన మరుక్షణమే పడాలని ఎడిటింగ్ చేసిన అమ్మాయి పట్టు. అవ్వ చెయ్యి తలుపు మీద నుంచి వెనక్కి తీసుకున్నాక పడాలని కెమెరా పట్టిన కుర్రాడి పట్టు. మొదటి దాంట్లో ప్రశ్న ఇంటి మీదికి పోతుంది, రెండో దాంట్లో అవ్వ మీదికి: ఆమె ఎందుకు అరవలేదు? రెండు కూర్పులూ దాచి ఉంచారు. రెండో దాన్ని పట్టుకుని పూర్తి కథ రాయమని నేను చెప్పాను. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు.